కాచిన పలక

తిరుపతి జీవకోనలో పొద్దున ఆరింటికి కుళాయి నీళ్లు వస్తాయి. వీధంతా బిందెలు పట్టుకుని నిలబడి ఉంటే, మునిరామయ్య మాత్రం తన పలకను గోడకు ఆనించి, తుడిచి, వేలితో ఒక్కసారి తట్టి చూసుకుంటాడు. పలకంటే బడిపిల్లలు రాసుకునేది కాదప్పా, మెడకు తగిలించుకుని రెండు పుల్లలతో కొట్టే డప్పు. జాతరకూ ఆయనే, పెండ్లికీ ఆయనే, చావుకూ ఆయనే. ఎక్కువగా చావులకే అనుకోండి.

ఆయన కొడితే మనుషులు నేల మీద నుంచి జానెడు పైకి లేస్తారు. ఆ వీధికి అదేం కొత్త కాదు. పలక మోగుతోందంటే ఆడోళ్లు ముందు బిందెలు కింద పెట్టుకుంటారు, నీళ్లు ఒలికిపోతాయని. చావింటికాడ పాడె మోసే నలుగురూ సమంగా లేస్తే చాలు, బరువే తెలీదు. లేవనిది ఆయనొక్కడే.

"కొట్టేవాడు నేల మీద ఉండాలప్పా. అందరం లేస్తే మళ్లీ దించేదెవురు?" అంటాడు వక్కాకు నములుతూ.

ఆయన కొడుకు మునికుమార్. డిగ్రీ మధ్యలో వదిలేసి, ల్యాప్‌టాప్ ముందర కూర్చుని డాన్సు పాటలు చేస్తాడు. పక్క సందులో టైలరు కాశిం సాహెబ్ కొడుకు దావూద్ కీబోర్డు వాయిస్తాడు. యూనివర్సిటీలో చదివే మహిత పాడుతుంది. ముగ్గురూ కలిసి 'జీవకోన గ్యాంగ్' అని పేరు పెట్టుకున్నారు. ఒక ఆదివారం మునిరామయ్య వాకిట్లో గడ్డిమంట వేసి, చర్మం బిగిసేదాకా పలకను కాచి, సరిగ్గా పలుకుతోందా అని కాసేపు కొట్టి చూసుకున్నాడు. మునికుమార్ తన ఫోను ఆయన పక్కన పెట్టి ఆ దెబ్బలన్నీ రికార్డు చేసుకున్నాడు. వాటి మీద కట్టిందే 'రేణిగుంట గేటు కాడ' అనే పాట.

ఇంక చూసుకోండి. చిత్తూరు నుంచి పులికాట్ ఒడ్డుదాకా ఆ పాట మోగని ఆటో లేదు. పెండ్లి మండపాల వాళ్లు ఫ్యాన్లు జానెడు ఎత్తుకు జరిపించుకున్నారు. శ్రీకాళహస్తి బస్సులో ఒక కండక్టరు 'ఈ పాట పెట్టరాదు' అని అట్టముక్క మీద రాసి తగిలించినాడు, నిలబడినోళ్ల తలలు పై కమ్మీకి తగులుతున్నాయని. ఆరు నెలలకు రెండో పాట 'బస్టాండు బంగారం' వచ్చింది. అదే పలక, అవే దెబ్బలు. ఇది ఇంకా పెద్ద హిట్టు. మునికుమార్ కూడా అందరితో పాటు లేచి ఆడేవాడు.

"ఆ దెబ్బ యాడ పట్టినావబ్బా?" అని ఎవరడిగినా, "కంప్యూటర్లో చేసినా" అనేవాడు. మా నాయన చావులకు పలక కొడతాడని చెప్పడానికి నోరు రాలేదు.

చెన్నై నుంచి సునీల్‌కుమార్ అనే మ్యూజిక్ కంపెనీ ఆయన దిగినాడు, ఆల్బం చేద్దామని. లాడ్జి రూములో కాఫీ తాగుతూ ఊరికే మాటవరసకు అడిగినాడు. "మీ నాయనగారు ఏం చేస్తారు?"

"దేవస్థానంలో ఉద్యోగం సార్."

తిరుపతిలో నోటికి తొందరగా వచ్చే అబద్ధం అదే. తిరుపతిలో చెప్పకూడని అబద్ధమూ అదే. వారం తిరక్కముందే సునీల్‌కుమార్ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. "మా అత్తగారోళ్లు కొండకు వస్తా ఉండారు. మీ నాయనకు చెప్పి దర్శనం టికెట్లు ఇప్పియ్యప్పా." ఆ తర్వాత తోడల్లుడు, ఆ తర్వాత కంపెనీ ఆడిటరు. మునికుమార్ పాటలు పక్కన పెట్టి, ఊళ్లో లీడర్ల ఇండ్ల ముందర నిలబడి సిఫారసు లెటర్లు అడుక్కోవడం మొదలుపెట్టినాడు.

"నిజం సెప్పేసేయ్‌రా. లేకుంటే నువ్వు లెటర్ల బ్రోకరు అయిపోతావు" అన్నాడు దావూద్.

"సునీల్ సార్ ఏమీ అనుకోడు కుమారా" అంది మహిత.

"ఆల్బం అయినాక సెప్తాలే."

ఆల్బం పేరు 'తొలిమెట్టు'. ఎనిమిది పాటలు. సునీల్‌కుమార్ ముందే చెప్పేసినాడు, విడుదల రోజు జనం లేస్తేనే ఇంకో ఆల్బం, లేవకుంటే గ్యాంగుతో మాకు పని లేదని. స్టూడియోకు బయల్దేరే పొద్దున మునిరామయ్య ఇస్త్రీ చొక్కా చేతిలో పట్టుకుని గడపలో నిలబడినాడు.

"నేనూ రావాల్నా?"

"వద్దులే నాయనా. పలక ఇయ్యి చాలు, నేనే కొట్టుకుంటా."

మునిరామయ్య చొక్కా మడిచి మళ్లీ పెట్టెలో పెట్టినాడు. "కాచి కొట్టు" అన్నాడు, అంతే.

ఏసీ స్టూడియోలో గడ్డిమంట యాడ వేస్తాడు? కాచని పలకను, అలవాటు లేని చేత్తో కొట్టి, ఆ దెబ్బల్ని మెషీన్లో సాగదీసి ముగించినాడు. అక్కడ ఎవురూ లేవలేదు. రూము చిన్నది కదా, జనంలో లేస్తారులే అని సర్దుకున్నారు.

విడుదల ఒక కల్యాణ మండపంలో, సాయంత్రం ఐదింటికి. ఊరంతా వచ్చింది. నాయనకు మాత్రం కొడుకు చెప్పలేదు. మునిరామయ్య రేణిగుంటలో ఒక చావుకు కొట్టి, వచ్చేదారిలో పోస్టరు చూసి బస్సు దిగి, చివరి వరసలో కూర్చున్నాడు. పలక సంచి మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

మొదటి పాట మోగింది. జనం చేతులెత్తినారు, నడుములు తిప్పినారు. కాళ్లు మాత్రం నేలకు అంటుకునే ఉన్నాయి. పూలమ్మే నాగవేణమ్మ చెప్పులు విడిచి చూసింది. "నాకు మోకాళ్లనొప్పులని అనుకుంటి. అందరికీ ఒకేసారి వస్తాయా ఏంది?" అంది. మూడో పాటకు సగంమంది కూర్చుని తమ కాళ్లే చూసుకుంటా ఉన్నారు. స్టేజీ మీద మహిత గొంతు సన్నబడిపోయింది.

సునీల్‌కుమార్ ఏదో ఒకటి చేయాలని మైకు అందుకున్నాడు. "ఈ బిడ్డను కన్న నాయనగారు, దేవస్థానం ఉద్యోగి మునిరామయ్యగారు వచ్చి ఉంటే స్టేజీ మీదికి రావాల. శాలువా కప్పుదాం."

చివరి వరసలో మునిరామయ్య అటూ ఇటూ చూసినాడు, తన పేరే ఉన్న ఆ ఉద్యోగస్తుడు ఎవరా అని. ఎవురూ లేవలేదు. అప్పుడు కొడుకు మొహం చూసినాడు. చూసి, సంచిని కాలితో మెల్లగా కుర్చీ కిందికి తోసి, చొక్కా పై గుండీ పెట్టుకుని, లేవడానికి కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు.

ఆ గుండీ పెట్టుకోవడం మునికుమార్ చూసినాడు. ఆల్బం పోయినా, అందరూ ఉమ్మేసినా, దానంత బాధ ఉండేది కాదేమో. మైకు దగ్గరికి వచ్చినాడు.

"మా నాయన దేవస్థానంలో లేడు. సావులకు పలక కొడతాడు. మీరు లేచిన రెండు పాటల్లో కొట్టింది ఆయనే. కంప్యూటరు కాదు. నేనూ కాదు."

శాలువా చేతిలో పట్టుకుని సునీల్‌కుమార్ అడిగినాడు. "మరి ఆ టికెట్లు?"

"ఇండ్లిండ్లూ తిరిగి అడుక్కొచ్చినా సార్."

ఎవరో కిసుక్కున నవ్వినారు. ఆ నవ్వు మధ్యలోంచే మునికుమార్ దిగి, వరసలన్నీ దాటి, చివరికి పోయి, వంగి, కుర్చీ కింద నుంచి సంచి తీసినాడు.

"ఎందుకప్పా అందరి ముందరా. నేను ఉద్యోగస్తుని మాదిరే వచ్చి నిలబడుందును కదా" అన్నాడు మునిరామయ్య.

"కొడతావా నాయనా?"

ఆయన పలకను వేలితో తట్టినాడు. "సల్లబడుండాది. కాచాల."

గడ్డి యాడుంది అక్కడ? మునికుమార్ గేటుకు అంటించిన పోస్టర్లన్నీ చించి, బయట అరుగు పక్కన కుప్ప పోసి అంటించినాడు. తన మొహం ఉన్న కాగితాలే, ఒకటొకటే ముడుచుకుంటా కాలినాయి. మునిరామయ్య ఆ మంట మీద పలకను అటూ ఇటూ తిప్పి, మెడకు తగిలించుకుని లోపలికి నడిచినాడు.

ఆయన దెబ్బ వేసినాడు. వరసకు వరస లేచింది. నాగవేణమ్మ చెప్పులు కిందే వదిలేసి లేచింది. దావూద్, మహిత లేచినారు, శాలువాతో పాటు సునీల్‌కుమార్ లేచినాడు.

మునికుమార్ కాళ్లు మాత్రం లేవలేదు. జీవితంలో మొట్టమొదటిసారి. ఇంత సిగ్గు మోసుకుని యాడ లేస్తాను అనుకుని తల దించుకున్నాడు.

మునిరామయ్య కొడుకు కాళ్ల వైపు చూసినాడు. ఒక చేత్తో లావుపుల్ల కొడుతూనే, రెండో చేతిలోని సన్నపుల్లను అతని వైపు చాపినాడు.

"పట్టుకో. నీ సోటు ఈడే."

మునికుమార్ పుల్ల అందుకున్నాడు. మొదటి దెబ్బ తప్పింది, పైనున్న జనం బెత్తెడు కిందికి జారినారు. రెండో దెబ్బకు మళ్లీ పైకి పోయినారు. ఎంత ఎత్తు పోయినారో అతను చూడలేదు. తల ఎత్తకుండా, నేల మీదున్న నాలుగు పాదాలనే చూస్తూ కొడుతూ ఉన్నాడు.