కుంపటి పెంచిన వేడి

గంధకామ్లం తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో అతన్ని అందరూ కుంపటి అంటారు. ఏ తేడా వచ్చినా ముందు వేడి పెంచేస్తాడు మరి. అందులో తప్పేముంది? ఆగి చల్లబడిన ప్లాంటును మళ్లీ నడిపించేటప్పుడల్లా, వేడి పెంచితేనే గంధకపు పొగ చక్కగా వేరే పొగగా మారి ఆమ్లంలో కలిసేది. కళ్లారా చూసినవాడు నమ్మక ఏం చేస్తాడు?

ఆ ఉదయం మారకుండా మిగిలిన పొగ చిమ్నీలోంచి కాస్త ఎక్కువగానే పోతోంది. గాలి వీచే వైపే కార్మికుల క్వార్టర్సు. అక్కడ అతని కూతురు ఉంది, చిన్నపిల్ల, దానికి ఆయాసం. "వేడి పెంచి వాసన లేకుండా చేస్తానమ్మా" అని దానికి మాటిచ్చి మరీ డ్యూటీకి వచ్చాడు.

వస్తూనే, పొగ మారే చివరి గదిలో వేడి పెంచాడు. మారని పొగ ఎంత పోతోందో చూపే చిమ్నీ మీటరు ముల్లు దిగలేదు సరికదా, పైకెక్కింది. ఇదేం చోద్యం? మరికాస్త పెంచాడు. ముల్లు ఇంకా ఎక్కింది. మీటరును వేలితో తట్టి చూశాడు, తన కళ్లను తనే తిట్టుకున్నాడు. బుర్ర గిర్రున తిరుగుతున్నా చెయ్యి మళ్లీ వాల్వు మీదికే పోయింది.

ఇంతలో ఇంటి నుంచి ఫోను.

"ఏమండీ, పాపకి దగ్గు ఎక్కువైంది. కిటికీలన్నీ మూసేశాను," అంది భార్య.

పరుగున పోయి ల్యాబ్ మేడమ్‌ను పిలుచుకొచ్చాడు. ఆమె మీటర్లు చూసి నెత్తి కొట్టుకుంది.

"నిన్నెవరు పెంచమన్నారయ్యా? ఈ మార్పు తనే వేడి పుట్టిస్తుంది. పైనుంచి నువ్వూ వేడి చేస్తే వెనక్కి తిరుగుతుంది. మారిన పొగలో కొంత మళ్లీ పాత పొగే అవుతుంది."

"మరి మొదట్లో వేడితోనే కదండీ మారింది?"

"అప్పుడు కదలిక రావడానికి వేడి కావాలి. ఎంత త్వరగా మారుతుందన్నది ఒకటి, చివరికి ఎంత మారుతుందన్నది ఇంకొకటి. మరీ చల్లబరిచినా అసలు కదలదు. మెల్లగా తగ్గించు, నేను చెప్పిన చోట ఆపు."

రెండో ముక్క బుర్రకెక్కేసరికి మొదటిది జారిపోయింది. అయినా తగ్గించాడు. ముల్లు మెల్లగా దిగింది. ఇన్నాళ్లూ అన్నం పెట్టిన వేడి ఇలా ఎందుకు ఎదురుతిరిగిందో అతనికి అంతుపట్టలేదు. కోపం కూడా వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

ఇంటికి ఫోను చేశాడు. కూతురే ఎత్తింది, దగ్గుతూ.

"నాన్నా, ఇంకా వాసనొస్తోంది. నువ్వు వేడి పెంచలేదా?"

"పెంచానమ్మా," అన్నాడు. అతని కళ్లు మెల్లగా దిగుతున్న ముల్లు మీదే ఉన్నాయి.