మోకాలి లోతు మైదానం

ఆ వీధి గిన్నెలా ఉంటుంది. ఎగువనున్న మూడు రోడ్ల వాననీళ్లూ దొర్లుకుంటూ వచ్చి అక్కడే చేరతాయి. చేరినవి ఓ పట్టాన కదలవు. ఆ వీధిలోనే కింది వాటాలో అద్దెకుండి, ఇంజనీరమ్మ వాళ్లక్క బట్టలు కుట్టి బతుకుతోంది. చెల్లెలేమో నగరపాలక సంస్థలో మురుగుకాలవల విభాగం ఇంజనీరు. ఇంతకన్నా ఇరకాటం ఏముంటుంది?

"ఊళ్లో నీళ్లన్నీ చూసుకునేది మా చెల్లెలేనండీ. అభిమానం కొద్దీ ముందు మా ఇంటికే పంపిస్తుంది" అని అక్క వచ్చినవాళ్లందరికీ చెప్పేది. నవ్వుతూనే చెప్పేది. ఆ నవ్వు ఇంజనీరమ్మకు ములుకులా గుచ్చుకునేది.

కిందటేడు వానలకు అక్క కుట్టుమిషను మోటారు కాలిపోయింది. ఎదురుగా ఉన్న కొట్లో పరుపులు సగానికి సగం తడిసి ముద్దయ్యాయి. వీధి చివరి బడికి పదిరోజులు తాళం పడింది. అప్పుడు ఇంజనీరమ్మ ఒక పథకం గీసింది. బడి మైదానాన్ని మోకాలి లోతుకు తవ్వాలి. వీధి కాలవ నిండబోతుండగా ఇనుప తలుపు ఎత్తి నీళ్లను అందులోకి మళ్లించాలి. వాన వెలిశాక మెల్లగా కిందికి వదిలేయాలి.

కాగితం మీద అంతా బాగానే ఉంది. కానీ మైదానం బడిది. కాలవను కప్పేసిన సిమెంటు అరుగు పరుపుల కొట్టు ఆయనది. కాలవలో చెత్త వీధివాళ్లది. కింద పైపు ఆఫీసుది. ఏ ఒక్కరు కాదన్నా పని ముందుకు సాగదు.

అందరినీ ఒకచోట కూర్చోబెట్టడానికే ఇంజనీరమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. ఒకటో తరగతి గదిలో, మోకాళ్లు గడ్డానికి తగిలే చిన్న బెంచీల మీద మూడు మీటింగులు జరిగాయి. మూడూ కొట్లాటలే.

"అరుగు పగలగొడితే సరుకు ఎక్కడ దింపుకోను? మీ ఆఫీసు బల్ల మీదా?" అన్నాడు పరుపులాయన.

"ఆటస్థలాన్ని చెరువు చేస్తానంటే ఎలా ఊరుకుంటానండీ? నా దగ్గర నాలుగొందల మంది పిల్లలున్నారు. మీ ఆఫీసు మాట నమ్మి వాళ్లను నీళ్ల పక్కన పెట్టమంటారా?" అంది హెడ్మాస్టరమ్మ. ఆవిడ గొంతు పెంచదు. అదే ఎక్కువ భయం.

నాలుగో మీటింగుకు ముందు ఇంజనీరమ్మ వీధంతా మళ్లీ కొలిపించింది. కొలతలు చూసి ఉలిక్కిపడింది. ఆరేళ్ల కిందట వీధి కింద వేసిన పైపు దిగువనున్న పెద్దకాలవ వైపు వాలి ఉండాలి. వీధి మధ్యలో నలభై గజాల మేర అది ఎదురు వాలులో ఉంది. నీళ్లు కదలవంటే కదలవు మరి. పాత కొలతల పుస్తకం తీయించింది. పని చూసి తృప్తి చెందినట్టు కింద ఒక సంతకం. అది తనదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, కాంట్రాక్టరు తొందరపెడితే, చోటుకు వెళ్లి చూడకుండానే పెట్టింది.

పై అధికారికి చెబితే ఆయన తలుపు దగ్గరగా వేశాడు. "పైపు మార్చడానికి ఎలాగూ రెండేళ్లు పడుతుంది. ఎవరూ అడగలేదు కదమ్మా. నువ్వెందుకు నెత్తిన వేసుకుంటావు?"

ఆ మాట ఆమెకు ఎంతో హాయిగా వినిపించింది. రెండు రోజులు ఆ హాయిలోనే ఉందామని చూసింది కానీ, అన్నం సయించలేదు.

నాలుగో మీటింగులో హెడ్మాస్టరమ్మ సూటిగా అడిగింది. "పైపు వేసి ఆరేళ్లయింది. అయినా నీళ్లెందుకు పోవడం లేదు?"

ఇంజనీరమ్మ లేచి నిలబడింది. నీళ్ల గురించి మాట్లాడటానికి వచ్చి నీళ్లు నమిలితే బాగుండదనుకుంది. "పైపు వాలు తప్పుగా వేశారండీ. బాగుందని సంతకం పెట్టింది నేను. చూడకుండా పెట్టాను. తప్పు నాదే."

వెనక బెంచీలో కూర్చున్న అక్క, చెల్లెల్ని ఎప్పుడూ చూడనట్టు చూసింది.

హెడ్మాస్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇన్నేళ్ల సర్వీసులో ఒక ఆఫీసు మనిషి ఈ మాట అనగా వినడం ఇదే మొదలు. సరే, నా షరతులు రాసుకోండి. చుట్టూ కంచె. లోతు మోకాలు దాటకూడదు. మర్నాటికల్లా నీళ్లుండకూడదు. ఇనుప తలుపు తాళంచెవి నా దగ్గరే ఉంటుంది."

"అయితే ఆ తలుపెత్తే చక్రం తిప్పేది నేను" అన్నాడు పరుపులాయన, ఎవరో పోటీకి వస్తున్నట్టు. "నా కొట్టు పక్కనేగా! ఆ అరుగు కూడా తీసేస్తాలెండి."

బయటికొచ్చాక అక్క చెల్లెలి వైపు తిరిగింది. "ఆరేళ్లుగా నీ సంతకాన్ని బకెట్లతో తోడుతున్నానన్నమాట!" అంది. చెల్లెలు తలొంచుకుంది. అక్క ఆమె భుజం మీద చెయ్యేసింది. "నలుగురిలో ఎలా చెప్పావే! నాకైతే నోరు పెగిలేది కాదు."

ఆఫీసు నుంచి మెమో వచ్చింది. ఇంజనీరమ్మ ఉన్నదున్నట్టు జవాబు రాసిచ్చి, మైదానం తవ్వకం దగ్గర నిలబడింది. ఈసారి ప్రతి అంగుళం దగ్గరుండి కొలిపించింది. వానలు మొదలయ్యేలోపు వీధివాళ్లు వంతులేసుకుని కాలవలో పూడిక తీశారు.

మొదటి పెద్దవాన మధ్యాహ్నం పూట పట్టుకుంది. ఇంజనీరమ్మ ఆ సమయానికి ఊరి అవతలి కొసన ఉంది. ఫోన్లు కలవలేదు. జీపు సగం దారిలో ఆగిపోయింది. చెప్పులు చేతపట్టుకుని, తొడల్లోతు నీళ్లలో గంటసేపు నడిచింది. తలుపు ఎత్తారో లేదో? పిల్లలు మైదానంలో ఉన్నారేమో? ఆ గంట ఆమె ప్రాణాలు అరచేతిలోనే ఉన్నాయి.

వీధి మలుపు తిరిగేసరికి ముందు వినిపించినవి పిల్లల కేరింతలు. తల పైకెత్తి చూస్తే, అందరూ బడి మేడ మీది వరండాలో క్షేమంగా నిలబడి ఉన్నారు. కింద పరుపులాయన ఒళ్లంతా బురదతో, కాలవ జల్లెడకు అడ్డంపడ్డ గుడ్డల మూటలాంటిది లాగుతున్నాడు. హెడ్మాస్టరమ్మ చీర చెంగు దోపుకుని ఆయన నడుము పట్టుకుని గుంజుతోంది. మూట ఊడొచ్చింది. చూస్తే తడిసి బండలా అయిన తలగడ. దాని మీద ఆయన కొట్టు పేరే ఉంది!

పిల్లలు పగలబడి నవ్వారు. వీధిలో నీళ్లు గుడగుడమంటూ మైదానంలోకి మళ్లాయి.

"ఎప్పుడు ఎత్తారు తలుపు?" ఇంజనీరమ్మ రొప్పుతూ అడిగింది.

"గంట దాటింది. మీకు ఫోన్ చేశాం, కలవలేదు. మీరొచ్చేదాకా ఆగమంటారా ఏంటి?" అన్నాడు పరుపులాయన.

ఆగక్కర్లేదు. ఆ మాట వినడానికే తను ఇంతదూరం నడిచొచ్చినట్టు అనిపించింది ఆమెకు.

ఇంజనీరమ్మ అక్క ఇంటి గడప దగ్గరికి వెళ్లింది. నీళ్లు గడపకు జానెడు కింద ఆగి, ఆమె చూస్తుండగానే వెనక్కి తగ్గుతున్నాయి. లోపల కుట్టుమిషను టకటకలాడుతోంది. వాన కురుస్తుండగా ఆ ఇంట్లో ఆ చప్పుడు వినడం ఆమెకు ఇదే మొదటిసారి. మెట్టు మీద కూలబడి, ఎందుకో తెలియకుండానే ఏడ్చేసింది.

"ఏయ్ పిచ్చీ, బయట నీళ్లు తగ్గాయో లేదో, నువ్వు కొత్తవి మొదలెట్టావా?" అంటూ అక్క తువ్వాలు విసిరింది. "తల తుడుచుకో. వెనకవీధి ఆవిడ పొద్దుట వచ్చి వెళ్లింది. వాళ్లకూ ఇలాంటి మీటింగు కావాలట. ఎప్పుడు రమ్మంటావు?"

అక్క మిషను ఆపి చూసింది. తువ్వాలు తల మీద కప్పుకుని, గోడకు చేరగిలబడి, చెల్లెలు హాయిగా నిద్రపోతోంది.