దేవుడి పాట కింద నా గొంతు

నేను ఒక పెట్రోలు పంపును. బంకులో నిలబడి నలుగురి దండాలు అందుకునే పంపును కాదు. కారు వెనక సీటు కింద, ట్యాంకులో మునిగి ఉండే పిడికెడంత పంపును. ట్యాంకులోని పెట్రోలును ఇంజనుకు తోయడమే నా పని. నేను ఆగితే కారు ఆగుతుంది. ఈ చిన్న ముక్క తెలియక ఒక ఆడమనిషి నోటికాడ కూడు లాగేయబోయారు. ఆ సంగతి చెప్పాలనే నోరు విప్పుతున్నాను. కోపంగానే చెబుతాను, ఏమీ అనుకోకండి.

ఏదో ఫ్యాక్టరీలో నాలాంటి వాటి నడుమ పుట్టి, ఒక తెల్ల కారులోకి చేరాను. మొదటి యజమాని పొగాకు వ్యాపారి. ట్యాంకు నిండా పోయించేవాడు. పెట్రోలులో మునిగి ఉంటేనే నా ఒళ్లు చల్లబడుతుంది. అక్కడ దర్జాగా బతికాను. ఆయన కొత్త కారు మోజులో పడి, మమ్మల్ని ఆత్మకూరులో డ్రైవింగ్ స్కూలు నడిపే పెంచలయ్యకు అమ్మేశాడు.

పెంచలయ్య చెడ్డవాడు కాదు, పిరికివాడు. నేర్చుకునేవాళ్లు ఎక్కడైనా గుద్దితే బండి అంటుకుంటుందని ట్యాంకులో ఎప్పుడూ అడుగు తడిసేంత పెట్రోలే ఉంచేవాడు. బండిని కాపాడబోయి నన్ను కాల్చుకు తిన్నాడు. ఇక రెండో భయం అపశకునం. తాళం తిప్పగానే దేవుడి పాట మోగేలా వైరు కలిపించాడు. పాట లేకుండా బండి కదిలితే కీడట. తాళం తిప్పాక, ఇంజను లేవకముందే, నేను ఒక్క క్షణం 'గుయ్' మంటాను. బతికే ఉన్నానని నేను చెప్పుకునే మాట అదొక్కటే. ఆ పాట హోరులో అది ఎవరి చెవిన పడుతుంది? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఏళ్ల తరబడి ఊదాను.

పెంచలయ్య దగ్గర బండి నేర్చుకుంటున్న మస్తానమ్మ హాస్టల్లో వంట చేసే మనిషి. పొయ్యి పొగకు దగ్గు పట్టుకుంది. సోమవారానికల్లా లైసెన్సు తెస్తే పిల్లల వ్యాను నడిపే ఉద్యోగం ఇస్తామని ఒక బడివాళ్లు మాటిచ్చారు, తేకపోతే వేరొకరికి ఇచ్చేస్తామన్నారు. శుక్రవారం పొద్దున మా కారులోనే లైసెన్సు పరీక్ష. ఆ పొద్దునే నేను బిగుసుకుపోయాను.

తాళం తిప్పారు. పాట మోగింది. స్టార్టరు గిరగిరా తిరిగింది. ఇంజను లేవలేదు.

"బ్యాటరీ పొయ్యుంటాది," అన్నాడు పెంచలయ్య.

బ్యాటరీ పోతే స్టార్టరు ఎలా తిరుగుతుందయ్యా? పాట ఎలా మోగుతుంది? అయినా బ్యాటరీ మార్చారు. నిమ్మకాయ మార్చారు. టెంకాయ కొట్టారు. నలుగురు కలిసి వీధి చివరిదాకా తోశారు. చుక్క పెట్రోలు అందని ఇంజను తోస్తే మాత్రం లేస్తుందా? లోపల పడి ఏడ్చాను.

"నువ్వు అదే పనిగా క్లచ్చి మీద కాలు పెట్టబట్టే ఇట్టయింది మే," అని పెంచలయ్య ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. అత్త మీద కోపం దుత్త మీద. పెట్రోలు లేక నన్ను ఎండబెట్టింది తను, తిట్లు ఆవిడకు! నా ఒళ్లు మండిపోయింది.

మెకానిక్ జిలానీ వచ్చాడు. ప్లగ్గులు విప్పి తుడిచాడు, ఫ్యూజు చూశాడు. తాళం తిప్పమని వెనక సీటు మీద చెవి ఆనించాడు. మళ్లీ పాట. అతను లేచి నిలబడి తల గోక్కున్నాడు. వినాల్సింది నన్నేనని అతనికి తెలుసు.

"ఏందన్నా, చెప్పవేం?" అంది మస్తానమ్మ.

"పంపు సద్దు వినాలమ్మా. దేవుడి పాట ఆపమని నేనెట్టా చెప్పేది?" అన్నాడు మెల్లగా.

"ఆపితే కీడు!" అన్నాడు పెంచలయ్య.

"నా ఉద్యోగం పోయేదానికన్నా ఇంకేం కీడు ఉండాదన్నా?" అంటూ ఆవిడ వంగి వైరు పీకేసింది.

తాళం తిప్పారు. నిశ్శబ్దం. నా మౌనం మొదటిసారి మనుషులకు వినబడింది.

జిలానీ కారు కిందికి దూరి ట్యాంకును కొయ్య సుత్తితో కొట్టాడు. నొప్పికో రోషానికో ఒక్క ఉలుకు ఉలికి, 'గుయ్' మన్నాను. ఇంజను లేచింది.

"పెట్రోలు పోయించుకోని నేరుగా పొండి. ఇంజను మాత్రం ఆపబాకండి. ఆగితే మళ్లీ లేస్తాదని చెప్పలేను," అన్నాడు జిలానీ.

నిండు ట్యాంకులో మునిగాను. ఇన్నేళ్ల తరువాత, అదీ చచ్చే ముందు రోజున! పరీక్ష మైదానంలో మస్తానమ్మ క్లచ్చి మీంచి కాలు తొందరగా తీసింది. కారు ఒకసారి గుంజుకుంది. ఆగితే ఆవిడ మళ్లీ పొగలోకే. పెంచలయ్య మీద, పాట మీద, నా మీద నాకున్న కోపమంతా కూడదీసుకుని పెట్రోలు తోశాను. ఆగలేదు. ఆవిడ గెలిచింది.

మర్నాడు నన్ను పీకి జిలానీ షెడ్డులో ఇనప సామాన్ల డబ్బాలో పడేశారు. నా చోట కొత్త పంపు వచ్చింది. పెంచలయ్య చేసిన మొదటి పని, వైరు మళ్లీ కలపడం. కొత్తది గుయ్యిమనగానే పాట దాని నోరు మూసింది. ట్యాంకు సంగతి అడగనే వద్దు.

మొన్న మస్తానమ్మ గాలి పట్టించుకోవడానికి ఆ బడి వ్యాను షెడ్డుకు తెచ్చింది. వెళ్లబోతూ తాళం సగం తిప్పి, వెనక గోల చేస్తున్న పిల్లల వైపు వేలెత్తింది.

"ఉష్... ఉండండి. దాన్ని మాట్లాడనీండి."

పిల్లలందరూ గోల ఆపారు. వ్యాను అడుగున ఎవతో పంపు 'గుయ్' మంది. మస్తానమ్మ తలూపి బండి తీసింది.

ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. నన్ను వినబోయి తెరుచుకున్న చెవి అది. ఆ చెవి నాది.