నలభై నాలుగు రోజుల నెల

సోమవారం లోపల లూదియా చేయవలసిన పనులు ఇవి:

శిల్పశాల హాజరు పట్టీకి నకలు తీసుకోవాలి.
రాయి కొన్న బిల్లులు, కరెంటు బిల్లు, ఉలులకు సాన పట్టించిన ఖర్చు ఒకచోట చేర్చాలి.
రెండడుగుల వినాయకుడి విగ్రహానికి అసలు ఖర్చు ఎంతవుతుందో కట్టాలి.
యజమాని చేత సంతకం, సీలు వేయించాలి.
మూడు కాపీలు ప్రింటు తీసి బైండింగు చేయించాలి.
అమ్మకు బీపీ మాత్రలు తేవాలి.

కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుంటూ, ఇదంతా శనివారం ఒక్కరోజు పనే అనుకుంది.

లూదియాది ఆళ్లగడ్డ. నాయన ఫ్రాన్సిస్ గోడలు కట్టే బేల్దారి పని చేస్తాడు. ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమె. మూడేళ్లుగా పొద్దున్నే బస్సెక్కి నంద్యాల కాలేజీకి పోయి, బిజినెస్ అడ్మినిస్ట్రేషన్, అకౌంటింగ్ కలిపి చెప్పే డిగ్రీ చదువుతోంది. "మీ పాప ఏం చదువుతాంది ఫ్రాన్సిసూ?" అని ఎవరైనా అడిగితే, "రెండు చదువులప్పా. ఫీజు మాత్రం ఒకటే" అంటాడాయన, బేరంలో గెలిచినవాడిలా. చివరి సెమిస్టరులో రెండు నెలలు ఎక్కడైనా పని నేర్చుకుని రిపోర్టు రాసి ఇవ్వాలి. యజమాని సీలు లేని రిపోర్టు చెల్లదు. అది చెల్లకపోతే డిగ్రీ చేతికి రాదు, తర్వాతి బ్యాచ్ దాకా ఏడాది ఆగాలి.

ఆళ్లగడ్డలో రాతిపనికి కొదవ లేదు కాబట్టి ఆమె వేణుమాధవ్ శిల్పశాలలో చేరింది. ముందు గదిలో కూర్చుని బిల్లులు చూడడం, ఫోన్లు ఎత్తడం, ఆర్డర్లు రాయడం. వేణుమాధవ్ మంచివాడే. కూలి ఏ వారం ఆపడు. ఎండాకాలం అందరికీ మజ్జిగ తెప్పిస్తాడు.

శనివారం పొద్దున ఆమె హాజరు పట్టీని, పని పుస్తకాన్ని పక్కపక్కన పెట్టుకుంది. మొదటిదాంట్లో పదకొండు పేర్లు. రెండోదాంట్లో ఎవరు ఏ పని ఎన్ని రోజులు చేశారో ఉంది. పది పేర్లు సరిపోయాయి. పదకొండో పేరు దగ్గర ఆగింది. మద్దిలేటి, చెక్కుడు పని, ఇరవై ఆరు రోజులు. మద్దిలేటి, పాలిష్ పని, పద్దెనిమిది రోజులు. మొత్తం నలభై నాలుగు. తనే తప్పుగా కూడిందేమోనని మళ్లీ కూడింది. నెల నలభై నాలుగు రోజులకే తేలింది.

పుస్తకం పట్టుకుని షెడ్డులోకి పోయింది.

"మద్దిలేటి మామా, నెలకు నలభై నాలుగు రోజులు ఎట్లా చేసినావ్?"

మద్దిలేటి ఉలి ఆపకుండానే నవ్వాడు. "నాకు నాలుగు చేతులుండాయి పాపా. రెండు ఈడుండాయి. ఇంకో రెండు షెడ్డెనక కూర్చొని రుద్దుతాండాయి, పోయి సూడు."

షెడ్డు వెనక మహానందమ్మ, మద్దిలేటి భార్య, ఒక నల్లరాతి వినాయకుడిని ఒళ్లో పిల్లాడిలా ఆనించుకుని ఉప్పుకాగితంతో చెంప రుద్దుతోంది. రుద్దడం, నీళ్లు చల్లడం, అరచేత్తో తడిమి చూడడం, మళ్లీ రుద్దడం. రెండు నెలలుగా లూదియా ఆమెను చూస్తూనే ఉంది. మొగుడికి సద్ది తెచ్చి, ఊరికే ఉండలేక ఓ చెయ్యి వేస్తోందనుకుంది. ఆ అనుకోవడం తన తప్పే.

"అత్తా, నీ కూలి ఎంత?"

"నాదేంది? ఆయప్ప కూలిలోనే నాదీ ఉంటాది. మేమిద్దరం జతగాదా."

"అదే, ఎంత ఉంటాది?"

"నాకేం తెల్సు? సదువుకున్నదానివి, నువ్వే కట్టు."

కట్టడానికి పెద్ద చదువు అక్కర లేదు. మిగతా చెక్కుడు పనివాళ్లకు రోజుకు తొమ్మిది వందలు. మద్దిలేటికి పదకొండు వందలు. లూదియా ఆలోచించకుండా చెప్పేసింది.

"రెండు వందలు అత్తా."

మహానందమ్మ చెయ్యి ఆగింది. "రెండు నూర్లేనా? మూడన్నా ఉంటాదనుకొన్న్యా." ఉప్పుకాగితం నీళ్లలో ముంచింది. "పన్నెండేండ్ల నుంచి రుద్దుతాండా పాపా. వేలి గీతలన్నీ అరిగిపాయె. రేషన్ కాడ మిషనే నా వేలు పట్టదు, ఇంగ నీ లెక్కలోకి యాడ పడతా?"

లూదియా ముందు గదికి వచ్చి, కూలి పట్టికలో పన్నెండో వరస గీసింది. మహానందమ్మ, పాలిష్ పని, పద్దెనిమిది రోజులు, రోజు కూలి రెండు వందలు. అకౌంటింగు సబ్జెక్టు అడిగేది ఆ వరసనే. మేనేజ్‌మెంటు సబ్జెక్టు అడిగేదీ అదే. ఇన్నాళ్లకు రెండు చదువులూ ఒకే మాట చెప్పాయని ఆమెకు తృప్తిగా అనిపించింది.

వేణుమాధవ్ కాగితం చదివి, సీలు డబ్బా మూత మళ్లీ పెట్టేశాడు.

"ఇది తీసెయ్ పాపా."

"నిజమే గదన్నా?"

"అబద్ధమని నేనంటినా? మా నాయన కాలం నుంచి ఇదే పద్ధతి. మొగుడూ పెండ్లాలకు ఒకటే పేరు, ఒకటే కూలి. ఈ కాయితం మింద ఆమె పేరెక్కిందంటే, రేపు పదకొండు మందీ పెండ్లాల పేర్లు తెచ్చి నా మెడకాయ మీద కూర్చుంటారు. అది తీసేస్తే ఇప్పుడే సీలేస్తా. ఉంచితే నంద్యాలకు ఉత్త కాయితాలే ఎత్తుకపో."

కాలేజీలో రిపోర్టులు చూసే జయరాజు సారుకు ఫోన్ చేసింది. సారు అంతా విని, "హాజరు పట్టీలో లేని పేరు నువ్వెలా రాస్తావమ్మా? పైగా సీలు లేకపోతే నేను తీసుకోలేను. సోమవారం దాటితే నా చేతిలో ఏమీ లేదు" అన్నాడు. ఆయన కోప్పడలేదు. ఆమె సరే సార్ అని ఫోన్ పెట్టేసింది.

ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక తిన్నగా మహానందమ్మ ఇంటికి పోయింది. ఆమె అరుగు మీద బియ్యం చెరుగుతోంది. లూదియా జరిగింది చెప్పింది.

"దానికేడుపుముఖమేందే? తీసెయ్."

"నువ్వు చేసిన పని అత్తా. మామ పేరుతో రాయాల్సి వస్తాది."

"ఇన్నేండ్లు రాసినారు. నువ్వొక్కదానివి రాయకపోతే నాకేమన్నా మేడ లేస్తాదా?"

"నీకు బాధ లేదా?"

"ఉంటాది. లేకుండా యాడికి పోతాది?" చేట కింద పెట్టింది. "అట్లని నీ సదువు పోగొట్టుకుంటావా? మీ నాయన ఊరంతా చెప్పుకున్న్యాడు. పోయి బేగా సీలేయించుకో. నా రెండు నూర్ల సంగతి నేను సూసుకుంటా."

సోమవారం పొద్దున లూదియా ఆ వరస తీసేసింది. ఆమె తీసిందనే రాయాలి, ఎవరో తీయించారని కాదు. పాలిష్ పద్దెనిమిది రోజులూ మద్దిలేటికే రాసింది. వేణుమాధవ్ సీలు వేస్తుండగా మహానందమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"వేణప్పా, ఈ శనివారం నుంచి నా రెండు నూర్లు నా చేతికియ్యి."

"ఇద్దరూ ఒకటే గదమ్మా!"

"ఒకటే అయితే ఎవరి చేతికిస్తే ఏముంది?"

వేణుమాధవ్ సీలు పట్టుకుని ఆమెను, లూదియాను మార్చి మార్చి చూశాడు. "సూద్దాంలే" అన్నాడు. శనివారం ఆమె చేతికే ఇచ్చాడు. హాజరు పట్టీలో పేరు మాత్రం ఎక్కించలేదు.

వారం తర్వాత నంద్యాలలో వైవా. వేరే ఊరి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు కూలి పట్టిక దగ్గర ఆగాడు. "మద్దిలేటి నెలకు నలభై నాలుగు రోజులు పనిచేశాడా?" అన్నాడు. పక్కన జయరాజు సారు బల్లకేసి చూస్తున్నాడు.

"లేదు సార్. పాలిష్ ఆయన చేయలేదు. ఆయన భార్య చేసింది. పేరు మహానందమ్మ. పేరు రాస్తే సీలు రాదని నేనే తీసేశాను."

"మరి రిపోర్టు తప్పన్నమాట."

"ఆ వరస తప్పు సార్."

పరీక్షకుడు మహానందమ్మ పేరు మరోసారి అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన పెన్ను కదల్లేదు. పేజీ తిప్పి, రాయి రవాణా ఖర్చు గురించి అడిగాడు. యాభైకి ముప్పై ఎనిమిది మార్కులు వచ్చాయి. డిగ్రీ వచ్చింది. ఫ్రాన్సిస్ వీధంతా మిఠాయి పంచాడు.

ఆ రిపోర్టు ఇప్పుడు నంద్యాలలో కాలేజీ బీరువాలో ఉంది. ఎవరైనా తీసి చూస్తే పదకొండు పేర్లే కనిపిస్తాయి. అందుకే చదివినవారిని అడుగుతున్నది ఒక్కటే. పన్నెండో ఆమె పేరు మహానందమ్మ. ఊరు ఆళ్లగడ్డ, పని పాలిష్. దయచేసి గుర్తుపెట్టుకోండి.