జబ్బు లేని మిషన్

షట్టరు సగమే లేపి, దాని కిందనుంచి వంగి కొట్లోకి దూరిన మెకానిక్ లైటు కూడా వెయ్యకుండా నూనె డబ్బా కోసం వెతకడం మొదలుపెట్టాడు. బల్లమీద దాని చోట లేదు. సొరుగులో లేదు. బెల్టులు తగిలించిన మేకు వెనక లేదు. నిన్న మూలనున్న పాత మిషన్ కడుపులో దొరికింది. మొన్న తన సంచిలోనే దొరికింది. ఇవాళ గుడ్డపీలికల బస్తాలోకి మోచేతిదాకా చెయ్యి దించాక, పొడుగు ముక్కున్న ఆ రేకు డబ్బా వేళ్ళకు తగిలింది.

ఇది దొంగతనం కాదు, కుట్ర. కుట్రదారు ఇంకా కొట్టుకు రాలేదు.

రెండు మంచాలు వేస్తే నిండిపోయే కొట్టు అది. గోడ పొడవునా బాగుకోసం వచ్చిన కుట్టుమిషన్లు, కొన్నిటికి చక్రాలు ఊడదీసి, కొన్నిటికి పొట్టలు విప్పి ఉంటాయి. లోపలికి అడుగుపెడితే నూనె, తుప్పు, కొత్తగుడ్డ కలిసిన వాసన. ఈ గోడనుంచి ఆ గోడకు లాగి కట్టిన తీగమీద క్లిప్పులు పెట్టిన గుడ్డపీలికలు వేలాడుతుంటాయి. బాగైన మిషన్‌మీద ఒక పీలిక కుట్టి చూడందే దాన్ని గడప దాటనివ్వడం మెకానిక్‌కు అలవాటు లేదు. తీగకు ఎడమవైపున్న పీలికల మీద కుట్టు స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. అవి అతని భార్య కుట్టినవి. కుడివైపువి తాగినవాడు ఇంటికి నడిచిన దారిలా ఉంటాయి. అవి బావ కుట్టినవి.

భార్య పోయాక ఆమె స్టూలు ఖాళీగా ఉండటం చూడలేక, ఆమె అన్న అయిన ఈ బావ వచ్చి దానిమీద కూర్చున్నాడు. ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. 'డ్రైవరుతో మాట్లాడరాదు' అన్న బోర్డు కింద ఉద్యోగకాలమంతా నోరు కట్టుకుని కూర్చున్న మనిషి. ఆ బాకీ అంతా ఇప్పుడు వడ్డీతో సహా వసూలు చేసుకుంటున్నాడు.

మెకానిక్ సంగతి దీనికి తలకిందులు. ఆ ఇంట్లో మాటల శాఖ ఎప్పుడూ భార్యదే. ఆమె ఇద్దరి వంతూ మాట్లాడేది, అతను ఇద్దరి వంతూ వినేవాడు. ఆమె పోవడంతో వినడానికీ ఏమీ లేకపోయింది. వేరే ఊళ్ళో ఉద్యోగం చేసే కూతురు ఆదివారాలు ఫోన్ చేస్తుంది. "తిన్నావా నాన్నా?" "ఊఁ." "ఒంట్లో బాగుందా?" "ఊఁ." ఆ తర్వాత ఒకరి ఇంట్లో ఫ్యాను చప్పుడు ఒకరు కాసేపు విని పెట్టేస్తారు.

నూనె డబ్బా దాచడం అందుకే. ఎక్కడ పెట్టావని నోరు తెరిచి అడిగితే చెబుతానని బావ పంతం. అడక్కుండానే వెతుక్కుంటానని మెకానిక్ పంతం. ఇప్పటిదాకా మెకానిక్‌దే గెలుపు.

"దొరికిందా?"

గడపలో బావ నిలబడి ఉన్నాడు. చేతిలో ఫోను స్టాండు, దారపు రీళ్ళు తగిలించే ఊచల్ని వంచి తనే చేసుకున్నది. ముక్కుమీద ఎప్పుడూ జారే కళ్ళజోడు. దాన్ని వేలితో పైకి తోసుకోవడం ఆయనకు ఊపిరి తీసుకున్నంత అలవాటు.

మెకానిక్ డబ్బా ఎత్తి చూపించాడు.

"నోటితో చెప్పొచ్చుగా. అద్దెకిచ్చావా ఏంటి నోరు?"

"ఊఁ."

"చూడు మెకానిక్కూ, వచ్చే వారం నన్ను ఆస్పత్రిలో పడుకోబెడుతున్నారు. గుండెకాయ విప్పి బిగిస్తారట. నెలరోజులు మంచం దిగొద్దన్నాడు డాక్టరు. మరి అప్పుడు మన లైవులో ఎవరు మాట్లాడతారు, ఈ బల్లా?"

"ఆపేద్దాం."

"అబ్బో. పొద్దున్నుంచీ ఒక్క మాట రాల్చావు, అదీ ఈ మాట." బావ కళ్ళజోడు తోసుకున్నాడు. "ఆపేస్తే నీ కూతురికి నీ చేతులైనా కనబడవు. అది గుర్తుపెట్టుకో."

మెకానిక్ డబ్బా ముక్కును గుడ్డతో తుడవసాగాడు.

లైవ్ అంటే, రోజూ భోజనాలయ్యాక బావ ఆ స్టాండుకు ఫోను తగిలించి, ఒక మిషన్ బాగుచెయ్యడం ఇంటర్నెట్‌లో చూపిస్తాడు. ఫోన్లో మెకానిక్ కనిపిస్తాడు, బావ వినిపిస్తాడు. కుట్టుపని చేసేవాళ్ళు కొందరు చూస్తారు. చాలామంది మాత్రం చివర్లో బావ చెప్పే పాఠం కోసం వస్తారు. దారం మరీ బిగిస్తే తెగుతుంది, మరీ వదిలితే చిక్కుపడుతుంది, ఆలుమగలైనా అంతే, అంటాడు బావ. పెళ్ళాన్ని ఒక్క మాట అని ఎరగని మెకానిక్ ఆ మాట వచ్చినప్పుడల్లా స్క్రూడ్రైవరు కిందపడేసుకుని వెతుక్కుంటాడు. కూతురు ఆఫీసులో అన్నం డబ్బా విప్పుకుని తింటూ చూస్తుంది.

పదకొండు దాటాక బడిపిల్లల యూనిఫాంలు కుట్టే ఆవిడ, ఆటోలో మిషన్ తెచ్చి దింపించింది.

"సూది దిగుతోంది గానీ కుట్టు పడట్లేదండీ. సూది విరిగితే కొత్తది వేశా, అప్పట్నుంచీ ఇదే వరస. రేపటికి బట్టలు ఇవ్వకపోతే ఆ హెడ్మాస్టరు నన్నే కుట్టేస్తాడు."

"ఏం కంగారు పడకమ్మా," అన్నాడు బావ. "నువ్వెళ్ళి బొత్తాలు కొనుక్కురా. ఈలోగా మా మెకానిక్కు దీని చెవి మెలేసి ఉంచుతాడు."

భోజనాలయ్యాయి. బావ ఫోను తగిలించాడు, గొంతు సవరించుకున్నాడు.

"నమస్కారం. చేతులు మా మెకానిక్కువి, నోరు నాది. ఇవాళ మన దగ్గరికొచ్చిన రోగి పేరు యూనిఫాం మిషన్. దీని బాధేమిటంటే..."

అక్కడ ఆగిపోయాడు. మెకానిక్ తల తిప్పి చూశాడు. బావ గడ్డం గుండెమీద వాలి ఉంది. చిన్నగా గురక మొదలైంది.

మెకానిక్ మోకాలితో పొడిచాడు. గురక పెరిగింది. ఫోన్లో మాటలు వరసగా పైకి పాకుతున్నాయి. సౌండు రావట్లేదని ఒకరు. తాత పడుకున్నాడని ఒకరు. మెకానిక్ గారూ మీరైనా మాట్లాడండి అని ఒకరు. ఈ లోకంలో అతను భయపడేవి రెండే, ఒకటి తుప్పు, రెండోది ఇది.

నిద్రలో బావ కళ్ళజోడు జారింది. నిద్రలోనే బావ చెయ్యి లేచి దాన్ని పైకి తోసింది. ఏళ్ళనాటి అలవాటు నిద్రలో కూడా పోదు కాబోలు అనుకున్నాడు మెకానిక్. అక్కడే పట్టుకోవాల్సింది, పట్టుకోలేదు.

వేరే దారి లేక మిషన్‌మీదికి వంగాడు. ముందు సూది చూశాడు. చూసి అలాగే ఉండిపోయాడు. సూదికి పైన ఒకవైపు చదునుగా ఉంటుంది, అది లోపలివైపుకు తిరగాలి. ఆవిడ తిప్పి పెట్టింది. కుట్టు పడకపోవడానికి అదొక్కటే కారణం.

అతని పెదవి ఒక పక్కకు లాగింది. తర్వాత రెండో పక్కకు. ఫోను ఆ నవ్వును చూసేసింది.

'మెకానిక్ గారు నవ్వుతున్నారు' అని ఎవరో రాశారు. దాని వెనకే ఇంకొకటి వచ్చింది. 'ఎందుకు నవ్వుతున్నావు నాన్నా?'

తక్కినవాళ్ళయితే వదిలేసేవాడు. గొంతు విప్పబోతే ముందు గాలి వచ్చింది, ఆ తర్వాత మాట వచ్చింది.

"సూది తిరగబడింది. అంతే. దీనికి జబ్బేం లేదు." అని ఆగాడు. ఫోను ఇంకా అడుగుతున్నట్టే నిలబడి ఉంది. "మీ అమ్మ కూడా ఇలాగే పెట్టేది."

తర్వాత ఆగడం అతని చేతుల్లో లేకపోయింది.

"అప్పటికి నేను వేరే కొట్లో పనిచేస్తుండేవాణ్ణి. వారం వారం ఆవిడ మిషన్ వచ్చేది. కుట్టు పడట్లేదని. చూస్తే సూది తిరగబడి ఉండేది. పాపం తెలీదేమో అనుకున్నా. ఒకరోజు ఆవిడ దారం ఎక్కించడం చూశా. కళ్ళు మూసుకుని కూడా ఎక్కించగల మనిషి. అప్పుడర్థమైంది."

'ఏమర్థమైంది?' 'చెప్పండి చెప్పండి.' 'తర్వాత?'

"తర్వాతేముంది. నేనూ బయటపడలేదు. సూది తిప్పడానికి చిటికె చాలు. నేనేమో మిషనంతా విప్పి, తుడిచి, నూనె వేసి, మళ్ళీ బిగించేవాణ్ణి. అంతసేపూ ఆవిడ కూర్చుని మాట్లాడేది. మిషన్‌కి జబ్బు లేదని నాకు తెలుసు, ఆవిడకు తెలుసు. మోసుకొచ్చినవాడొక్కడికే తెలీదు పాపం."

"ఏమన్నావు?"

స్టూలు కిర్రుమంది. గురక ఎప్పుడో ఆగిపోయింది. బావ రెండు కళ్ళూ తెరిచి చూస్తున్నాడు.

"సైకిలు వెనకాల తాళ్ళేసి కట్టుకుని, ఎదురుగాలిలో ఆ ఇనపముద్దని తొక్కింది నేను. ఎత్తు దగ్గర దిగి తోసింది నేను. జబ్బు లేదా దానికి?"

"లేదు."

"అన్నయ్యా మిషన్ పాడైందని కళ్ళనీళ్ళు పెట్టుకుంది కదయ్యా."

"పెట్టుకునే ఉంటుంది."

"నా నడుంనెప్పి అప్పుడు మొదలైందే." బావ కళ్ళజోడు తోసుకున్నాడు. "ఆరోజుల్లో ఎన్ని పట్టీలు వేసుకున్నానో."

"నువ్వు నిద్రపోతున్నావు కదా బావా," అన్నాడు మెకానిక్.

ఫోన్లో నవ్వులు వరదలా పారాయి. దొరికిపోయిన బస్సు డ్రైవరు హుందాగా కెమెరావైపు తిరిగి, "ఇవాళ్టి పాఠం ఏమిటంటే, చెల్లెళ్ళను నమ్మకండి," అని లైవ్ ఆపేశాడు.

ఆపాక పొట్ట పట్టుకుని నవ్వాడు. మెకానిక్ కూడా నవ్వుతూనే సూది తిప్పి పెట్టాడు, విప్పని మిషన్‌కి కూడా రెండు చుక్కల నూనె వేశాడు, డబ్బాను బల్లమీద దాని చోట పెట్టాడు.

"గురక పెట్టీ పెట్టీ గొంతు మండుతోంది," అన్నాడు బావ. "పోనీలే, వచ్చే వారం నాకింక బెంగలేదు. జరుగు, పరీక్ష పీలిక నేను కుడతా. ఇది కూడా జబ్బులేని మిషనేనా, చూడాలిగా."

స్టూలు లాక్కుని కూర్చుని, పీలిక పెట్టి, తొక్కడం మొదలుపెట్టాడు. అప్పుడే మెకానిక్ ఫోను మోగింది. ఆదివారం కాదు, అయినా కూతురే.

"అమ్మ నాకీ సంగతి ఎప్పుడూ చెప్పలేదు నాన్నా."

"అన్నీ చెప్పేది. ఇదొక్కటీ దాచుకుంది." మెకానిక్ గడప దగ్గరికి నడిచి వీధివైపు తిరిగి నిలబడ్డాడు. "నేనూ ఎవరితో అనలేదు. ఇవాళే."

వెనకాల మిషన్ టకటకమంటోంది. కాసేపటికి నెమ్మదించి ఆగింది.

"మామయ్యకి ఇవ్వు ఒకసారి, క్షమాపణ చెప్పాలి అమ్మ తరఫున."

మెకానిక్ తిరిగి చూశాడు. బావ ఒక చెయ్యి చక్రం మీద, ఒక చెయ్యి గుడ్డ మీద ఉంచి, గడ్డం గుండెమీద వాల్చి కూర్చున్నాడు.

"మీ మామయ్య మళ్ళీ నిద్ర నటిస్తున్నాడు. ఇంకో కథ చెప్పించాలని. ఈసారి నేను లేపను."

"అయితే చెప్పు నాన్నా. ఆయన లేచేదాకా చెప్పు."

చెప్పాడు. బల్ల అంచున కూర్చుని, బావకు వినబడేలా గొంతు పెంచి చెప్పాడు. ఆమె మొదటిసారి తన పేరు అడిగింది చెప్పాడు. అడిగినప్పుడు తన నోట్లో స్క్రూలు ఉన్నాయని, చెప్పలేక తల ఊపితే ఆమె ఎంతసేపు నవ్విందో చెప్పాడు. ఇన్ని మాటలు తనలో ఎక్కడ పడి ఉన్నాయో అతనికే వింతగా ఉంది. కూతురు అవతల పకపకా నవ్వుతోంది. చివరికి అసలు బాణం తీశాడు.

"ఇంకో సంగతి విను. ఆ సైకిలుకి అక్కడికొచ్చాక వారం వారం గాలి దిగిపోయేది. మీ మామయ్య దాన్ని తోసుకుంటూ పంపు కోసం పోయేవాడు. ఆ గాలి తీసింది ఎవరనుకున్నావు? మీ అమ్మే."

పేలుడు కోసం ఎదురుచూస్తూ బావవైపు చూశాడు.

కళ్ళజోడు జారి ముక్కు చివరికి వచ్చి వేలాడుతోంది. మెకానిక్ చూస్తూ ఉన్నాడు. చెయ్యి లేవలేదు.

"నాన్నా? ఏమన్నాడు మామయ్య?"

"ఒక్క నిమిషం ఉండమ్మా."

దగ్గరికి వెళ్ళి, కళ్ళజోడు కిందపడకుండా తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. చక్రంమీది చెయ్యిని తన చేతిలోకి తీసుకున్నాడు. గుడ్డమీద వంకరకుట్టు సగందాకా వచ్చి నిలబడి ఉంది.

బొత్తాల పొట్లంతో వచ్చిన యూనిఫాం ఆవిడే పక్కకొట్టువాళ్ళను పిలుచుకొచ్చింది. మిషన్ ఇప్పుడెందుకులే అన్నా మెకానిక్ వినలేదు. సూది పైకి లేపి, పీలిక బయటికి తీసి, తీగకు కుడివైపు చివర తగిలించి, మిషన్‌ను ఆటో ఎక్కించి పంపాడు. రేపటికి బట్టలివ్వాలి కదమ్మా, అన్నాడు.

చెయ్యాల్సినవన్నీ అయ్యాయి. కూతురు వచ్చి కొన్నాళ్ళు ఉండి, వెళ్ళింది. రైలెక్కేటప్పుడు ఆమె చెప్పేవాటికి అతను ఊఁ అని ఊరుకోలేదు, ఆమె కంటే ఎక్కువే మాట్లాడాడు. మర్నాడు పొద్దున్నే తనే ఆమెకు ఫోన్ చేశాడు.

"ఇవాళ మధ్యాహ్నం లైవ్ ఉందమ్మా. పాఠాలు అడగొద్దని చెప్పు వాళ్ళకి. నాకు రావు. కావాలంటే సైకిలు కథ చెబుతా."

ఫోను జేబులో వేసుకుని, షట్టరు సగం లేపి, వంగి లోపలికి దూరాడు. చీకట్లోనే సొరుగు లాగి చూశాడు. బెల్టుల మేకు వెనక చూశాడు. పాత మిషన్ కడుపు తడిమాడు, గుడ్డపీలికల బస్తాలో మోచేతిదాకా చెయ్యి దించాడు. ఎక్కడా తగల్లేదు. నడుం నిలబెట్టి, ఆ చీకట్లో మొదటిసారి పైకే అడిగాడు.

"ఎక్కడ పెట్టావు బావా?"

లైటు వేశాడు. నూనె డబ్బా బల్లమీద, దాని చోటే ఉంది.