గోడ దూకినవాడు

సినిమాల్లో దూకేవాడికి మొహం ఉండదు. హీరో బట్టలు వేసుకుని, కెమెరాకు వీపు చూపించి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దూకాలి. చప్పట్లు హీరోకి, కమిలిన ఒళ్ళు డూపుకి. న్యాయమా అంటే కాదు. కానీ ఆ మొహం లేకపోవడమే ఇన్నాళ్ళూ రబ్బరును కాపాడింది.

రబ్బరు యాభై దాటిన ఫైటర్. మేడ మీద నుంచి పడ్డా బంతిలా లేస్తాడని తోటివాళ్ళు పెట్టిన పేరది. ఆ మధ్యాహ్నం భార్యతో, బావమరిదితో, యూనియన్ వాళ్ళందరితో కలిసి సినిమా హాల్లో కూర్చున్నాడు. పాతకాలపు పద్ధతిలో తీసిన కొట్లాట సినిమా. చేయని హత్యకు పరాయి దేశం జైల్లో పడ్డ హీరో, రౌడీలను ఒక్కొక్కరినీ ఉతికి ఆరేసి గోడ దూకి పారిపోతాడు. తాడు కట్టుకోకుండా ఆ గోడ దూకినందుకు రబ్బరుకు ఇంటర్వెల్‌లో షీల్డు ఇవ్వాలని యూనియన్ తీర్మానించింది. షీల్డు ముందు వరసలో ప్రెసిడెంటు ఒళ్ళో ఉంది. రబ్బరు దాన్ని చూడలేక తెరవైపు, తెరను చూడలేక తన చెప్పులవైపు చూస్తున్నాడు.

ఎందుకంటే దూకింది అతను కాదు.

ఆ దేశంలో మూసేసిన పాత జైలొకటి అద్దెకు తీసుకుని ఆ సీను తీశారు. గోడ ఎక్కేదాకా రబ్బరు బాగానే ఉన్నాడు. పైకెక్కి అవతలికి చూశాడు. కింద ఖాళీ అట్టపెట్టెలు పేర్చి, పైన పరుపులు వేసి ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళుగా వాటి మీదే పడుతున్నాడు. అయినా ఆ రోజు మోకాళ్ళు మాట వినలేదు. గోడ పక్క మెట్ల మీద, ఖైదీ వేషంలో బావమరిది నిలబడి ఉన్నాడు. హీరోతో సహా ఖైదీలందరికీ ఒకటే చారల బట్టలు.

"నువ్వు దిగు బావా. కనపడేది వీపే కదా," అన్నాడు వాడు.

లైట్లు సర్దే హడావుడిలో ఎవరూ చూడకుండా రబ్బరు దిగి మెట్ల కింద నక్కాడు. వాడు దూకి, పెట్టెల అంచు మీద పడ్డాడు. కెమెరా గోడకు ఇవతల ఉంది. అవతల కాపు కాసిన ఆ దేశం కూలీలకు చారల బట్టలవాళ్ళంతా ఒకటే. చితికిన మోకాలిని ఈడ్చుకుంటూ చిన్న తలుపులోంచి లోపలికొచ్చి, మనుషులు చేరేసరికి వాడే చెప్పేశాడు, మెట్ల మీద జారానని. రబ్బరు భుజం తట్టనివాడు లేడు ఆ రోజు. రబ్బరు నోరు మెదిపితే ఒట్టు.

అప్పటినుంచి బావమరిది పేరు మెట్లయ్య. చేతికర్ర వచ్చింది, వేషాలు పోయాయి, యూనియన్ ఆఫీసులో ఫోన్లు ఎత్తుతున్నాడు. "మా ఆయన గోడలు దూకుతారు, మా తమ్ముడు మెట్లు దిగలేడు," అని సొంత అక్కే నవ్వేది. ఒకసారి ఆ హాస్యం రబ్బరే ఆడాడు. అది గుర్తొస్తే ఇప్పటికీ అతనికి తల కొట్టేసినట్టుంటుంది.

తెర మీద గోడ వచ్చింది. చారల చొక్కా వీపు పైకెక్కి నిలబడింది. చెయ్యి మెల్లగా లేచి ఎడమ చెవి తమ్మెను రెండుసార్లు లాగింది. ఒళ్ళు గాల్లోకి లేచింది, బొమ్మ అక్కడే ఆగిపోయింది. ఇంటర్వెల్.

హాలంతా ఈలలు. రబ్బరు భార్య మాత్రం చప్పట్లకు ఎత్తిన చేతులు దించేసింది. చిన్నప్పుడు పెరటి గోడ దూకడానికి తమ్ముడు ఏడిస్తే, చెవి లాగితే భయం అందులోంచి పోతుందని చెప్పింది ఆవిడే. ఆవిడ మొగుడివైపు తిరగలేదు. తమ్ముడి మోకాలి మీద చెయ్యి వేసి, అలాగే ఉంచింది.

ప్రెసిడెంటు వేదికెక్కి పేరు పిలిచాడు. రబ్బరు లేచి, ఉన్నచోటే నిలబడ్డాడు.

"దూకింది నేను కాదు," అన్నాడు.

జనం ఘొల్లున నవ్వారు. "చూశారా, ఎంత అణకువో," అన్నాడు ప్రెసిడెంటు. చప్పట్లు ఇంకా పెరిగాయి. కూర్చుంటే సరిపోయేది. నిజం చెప్పానన్న పుణ్యం, దూకాడన్న పేరు, రెండూ దక్కేవి. అతని కాళ్ళు సగం వంగాయి కూడా.

"ఇంకోసారి చెప్పండి," అంది భార్య, తల ఎత్తకుండా. "వెనక వరసలకు వినపడలేదు."

ఈసారి మొదటినుంచీ చెప్పాడు. మోకాళ్ళు ఎలా వణికాయో, ఎక్కడ నక్కాడో, ఎవరు పడ్డారో, మెట్ల మీద ఎవరూ జారలేదని, ఆ హాస్యం తనూ ఆడానని. చెబుతున్నంతసేపూ మెట్లయ్య చొక్కా గుండీ తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఎవరూ నవ్వలేదు.

ప్రెసిడెంటు రెండో పేరు పిలిచాడు. అక్క కర్ర అందిస్తే మెట్లయ్య కుంటుకుంటూ నడిచాడు. వేదికకు మూడు మెట్లున్నాయి. రబ్బరు గబగబా వెళ్ళి చెయ్యి చాపాడు.

"అక్కర్లేదు బావా. మెట్లు నాకు అలవాటేగా," అని వాడు ఒక్కడే ఎక్కాడు.