పళ్లెం మీద రెండు చుక్కలు

మావారు కపెంబ్వ చింగోలా రాగి గనిలో లారీ మెకానిక్కు. ఇల్లంత లారీ ఒకటి కొండ ఎక్కుతూ ఇంజన్ పట్టేసి ఆగిపోయింది. ‘డీజిల్ కారి ఇంజన్ నూనెలో కలుస్తున్నా చూసుకోలేదు’ అని నేరం ఆయన మీద పెట్టారు. సోమవారం విచారణ. తేలితే ఉద్యోగమూ, దానితో వచ్చిన ఈ ఇల్లూ పోతాయి.

ఇంజన్ అడుగు నుంచి సీసాడు నూనె తెచ్చారాయన. నేను కాలేజీలో కెమిస్ట్రీ చదివింది నషిమా సంకటి గెలకడానికేనని ఆయన నమ్మకం. తెల్లకాగితం మీద చుక్క వేశాను. డీజిల్ ఉంటే చుట్టూ పల్చటి అంచు విడిగా పాకాలి. గంటసేపు చూసినా పాకలేదు.

“డీజిల్ లేదు. మరి ఇంత పల్చనెందుకు? స్టోరు డ్రమ్ములో కొత్త నూనె ఉందా?”

“దాన్ని లుఫెయో స్వయంగా మూత తీసి ఇచ్చాడు,” అన్నారు, చర్చిలో ప్రమాణం చేసినట్టు.

“అయినా తీసుకురండి.”

లుఫెయో జెరె స్టోరు చూసే మనిషి, న్గోనీ తెగవాడు. మా బెంబా తెగకీ వాళ్లకీ వరస పరాచికాలు. కోతులని వాళ్లు మమ్మల్నీ, ఎలుకలు తింటారని మేం వాళ్లనీ ఎంత తిట్టుకున్నా కోపం రాకూడదు. మా అత్తగారు పోయినప్పుడు ‘ఒక కోతి తగ్గింది’ అని ఏడ్చేవాళ్లను నవ్వించి, గొయ్యి తవ్వడానికి ముందుగా పార పట్టింది అతనే.

ఆదివారం భోజనానికి వచ్చాడు.

“కోతి మాంసమేనా, చెల్లెమ్మా?”

“ఎలుకలు మీవాళ్లే తినేశారుగా. ఉన్నది తిను.”

పళ్లెంలో డ్రమ్ము నూనె ఒక చుక్క, తలుపు బందులకని మేం దాచుకున్న పాత స్టోరు నూనె ఒక చుక్క వేసి వాల్చాను. పాతది బద్ధకంగా కదిలింది. డ్రమ్ముది నీళ్లలా జారింది. రంగు మాత్రం రెండింటిదీ ఒకటే.

మావారి చేతిలో ముద్ద ఆగిపోయింది. “డ్రమ్ములో నాసిరకం ఎవరు పోశారు, బావా?”

“నేనే! మంచిది అమ్మేసి మా ఇంటికి రేకులు వేయించా,” అంటూ నవ్వాడు.

అలవాటుకొద్దీ ఆయనా నవ్వారు. సగంలో ఆపేశారు. పోయిన నెల లుఫెయో ఇంటికి రేకులు ఎత్తి అందించింది ఈయనే.

“ఈ మాటే రేపు విచారణ కమిటీలో చెప్పు.”

“చెప్తా. ముగ్గురూ మీ బెంబాలే. పడిపడి నవ్వుతారు.”

“జెరె గారూ, చేతులు కడుక్కుని దయచేయండి,” అన్నాను. న్గోనీని బెంబాలెవరూ ‘గారూ’ అనరు. అతని మొహంలో నవ్వు అప్పుడు పోయింది.

కమిటీలో చెప్పాడట. ముగ్గురూ నిజంగానే నవ్వారట. నేను మూతలకు మైనం వేసి పంపిన నూనె సీసాలు పరీక్షకు వెళ్లి, ఫలితం వచ్చాక ఆపారు. మావారి ఉద్యోగం నిలిచింది, లుఫెయోది పోయింది.

“లుఫెయో ముందే నా చెవిలో, నవ్వులాటగా కాక నిజంగా చెప్పి ఉంటే ఏదో ఒకలా దాచేవాణ్ణి కదా,” అంటారు ఈయన, ఇప్పటికీ. నన్నూ పిల్లలనూ రోడ్డు మీద నిలబెట్టయినా దాచేవారేమో! ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఇద్దరి మీదా కోపమే.